ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అసలు ఏం చేసింది? పీటీఓ దగ్గర మొదలుపెడదాం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫెర్గూసన్ మూడు లింకుల హిచ్ (పనిముట్టుని ట్రాక్టర్ వెనక మూడు చేతులతో బిగించే ఏర్పాటు) కనిపెట్టాడు, ఫోర్డ్ ట్రాక్టర్‌ని చవక చేశాడు, జాన్ డీర్ ఇప్పటికీ దర్జాగా నడుస్తోంది, మరి మన మహీంద్రా 275 ట్రాక్టర్‌కి డిజైన్ ఇచ్చిన అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఎర్ర రంగు తప్ప ఇంకేం ఇచ్చింది, ఆఖరికి మునిగిపోయిన కంపెనీయే కదా అని.

మునిగిన మాట నిజమే. దాని ఇంజినీర్లు ఏమీ చేయలేదంటే మాత్రం ఒప్పుకోను. వాళ్లు చేసినవాటిలో చాలా భాగం ఇవాళ ప్రతి ట్రాక్టర్‌కీ ఉన్నాయి, అందుకే అవి ఎవరివని ఎవరూ అడగరు. ఫెర్గూసన్ పేరు అంతగా నిలవడానికి ఆయన పనితనంతో పాటు కోర్టు కేసు కూడా ఒక కారణం, ఆయనకీ ఫోర్డ్ కంపెనీకీ పేటెంట్ల మీద పెద్ద కొట్లాట జరిగి 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ అయ్యింది, అంత గొడవ జరిగాక పేరు రాకుండా ఎలా ఉంటుంది. ఇంటర్నేషనల్ వాళ్ల అన్నిటికన్నా పెద్ద పనికి అలాంటి కథ లేదు. మీరు రోటవేటర్ తిప్పినా, గడ్డి కట్టలు కట్టే బేలర్ తగిలించినా, వెనకాల గిర్రున తిరిగే షాఫ్ట్ (పవర్ టేకాఫ్, పొట్టిగా పీటీఓ) ఉంది చూశారూ, దాన్ని ట్రాక్టర్‌కి పెట్టి అమ్మకానికి తెచ్చింది వీళ్లే.

1902లో మెకార్మిక్, డీరింగ్ సహా ఐదు కోత యంత్రాల కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి. అంటే పుట్టుకతో వీళ్లు ట్రాక్టర్ల వాళ్లు కాదు, కోత మిషన్ల వాళ్లు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మిగతావాళ్లకి ట్రాక్టరంటే గుర్రం బదులు నాగలి లాగే ఇనుప జంతువు. వీళ్లకి మాత్రం ఇంజిన్ బలాన్ని వెనకున్న మిషన్ దాకా ఎలా చేర్చాలన్నదే అసలు సమస్య.

ఆ రోజుల్లో గోధుమ కోసి మోపులు కట్టే బైండర్‌కి సొంత ఇంజిన్ ఉండేది కాదు. కింద ఒక పెద్ద ఇనుప చక్రం, అది నేల మీద దొర్లితేనే గొలుసుల ద్వారా కత్తి ఆడేది, మోపు కట్టే భాగం తిరిగేది. వాన పడి నేల మెత్తబడిందంటే చక్రం దొర్లడం మాని జారేది, కత్తి ఆగేది. పంట ఒత్తుగా ఉన్నచోట కత్తికి ఎక్కువ బలం కావాలి, సరిగ్గా అక్కడే చక్రం మొరాయించేది. పోనీ నెమ్మదిగా పోదామంటే కత్తి కూడా నెమ్మదించేది, ఎందుకంటే రెండూ ఒకే చక్రానికి ముడిపడి ఉన్నాయి.

1906 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆల్బర్ గూజీ అనే ఆయన ట్రాక్టర్ ఇంజిన్ నుంచి నేరుగా షాఫ్ట్ వేసి బైండర్‌ని తిప్పాడు. దాన్ని ఇంటర్నేషనల్ ఇంజినీర్ ఎడ్వర్డ్ జాన్‌స్టన్ చూశాడు. అది కంపెనీలో నలిగి, బర్ట్ బెంజమిన్ లాంటి వాళ్ల చేతుల్లో పడి, 1918లో ఇంటర్నేషనల్ 8-16 ట్రాక్టర్‌తో మార్కెట్‌కి వచ్చింది. కాబట్టి పీటీఓ ఆలోచన వీళ్లదే అంటే గూజీకి అన్యాయం చేసినట్టు. కానీ ఒక రైతు షాపుకెళ్లి కొనుక్కునే వస్తువుగా దాన్ని తయారుచేసింది వీళ్లు, పైగా ఊరికే షాఫ్ట్ పెట్టి వదిలేయకుండా దానికి తగిన బైండర్లు, ఇతర పనిముట్లు కూడా తయారుచేశారు. తగిలించడానికి మిషన్ లేకపోతే షాఫ్ట్ ఉండి ఏం లాభం?

ఇరవైల చివరికల్లా అమెరికా వ్యవసాయ ఇంజినీర్ల సంఘం ఈ షాఫ్ట్ సైజు, ఎంత ఎత్తులో ఉండాలి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి అన్నవి ఖరారు చేసింది. మొదట 536 చుట్లకి అటూ ఇటూ అని, తర్వాత 540. మీ రోటవేటర్ గేర్‌బాక్స్ దగ్గర స్టిక్కర్ మీద కనబడే 540 అదే. ఒక కంపెనీ ట్రాక్టర్‌కి ఇంకో కంపెనీ రోటవేటర్ ఆరు పళ్ల షాఫ్ట్‌తో టక్కున కూర్చుంటోందంటే దాని వెనక ఉన్నది ఈ నిర్ణయమే. ఇది లేకపోయుంటే ట్రాక్టర్ కొన్నాక పనిముట్లన్నీ ఆ కంపెనీ దగ్గరే కొనాల్సి వచ్చేది, ధర వాళ్లు ఎంత చెబితే అంత.

ఇంత చేసి వీళ్లు ఒక లోపాన్ని మాత్రం చాలాకాలం అలాగే వదిలేశారు. మొదటి పీటీఓలు గేర్‌బాక్స్ గుండా వచ్చేవి, క్లచ్ తొక్కితే ట్రాక్టర్‌తో పాటు షాఫ్ట్ కూడా ఆగేది. ఒత్తు పంటలో మిషన్ ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు మనకి కావలసింది బండి ఆగి, మిషన్ మాత్రం తిరుగుతూ లోపలున్నది బయటికి తోసేయడం. అది కుదరదు. మన దగ్గర సింగిల్ క్లచ్ ట్రాక్టర్‌తో బేలర్ నడిపినవాళ్లకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు, అందుకే డబుల్ క్లచ్ (బండికొకటి, పీటీఓకొకటి) కావాలని పట్టుబడతారు. బండి ఆగినా తిరిగే లైవ్ పీటీఓ 1946లో కెనడా కంపెనీ కాక్‌షట్ తన మోడల్ 30తో తెచ్చింది. మరుసటి ఏడాది ఆలివర్ తెచ్చింది. పీటీఓని పొలానికి పరిచయం చేసిన ఇంటర్నేషనల్ వాళ్లు స్వతంత్ర పీటీఓ ఇచ్చేసరికి 1954. ఈ కంపెనీకి ఇది అలవాటే అనుకోండి, ముందు తామే మొదలుపెట్టి, తర్వాత అమ్మకాలు బాగున్నాయి కదా అని కూర్చోవడం.

ఇంటర్నేషనల్ వాళ్ల ఫార్మాల్ ట్రాక్టర్ గురించి చాలామంది వినే ఉంటారు, కానీ చెప్పేవాళ్లందరూ ముందు చక్రాలు దగ్గరగా ఉండే మూడు చక్రాల ఆకారం గురించే చెబుతారు. అసలు విషయం అది కాదు. 1924కి ముందు ట్రాక్టర్ దున్నడానికి, మిషన్లు తిప్పడానికి పనికొచ్చేది, మొక్క మొలిచాక సాళ్ల మధ్య గుంటక తోలాలంటే మళ్లీ గుర్రాలే. అంటే ట్రాక్టర్ కొన్నా గుర్రాల మేత ఖర్చు తప్పదు. బర్ట్ బెంజమిన్ బృందం ఫార్మాల్‌కి వెనక ఇరుసుని పైకెత్తి, చివర గేర్ల పెట్టెలతో చక్రాలకి కిందికి దించింది, దాంతో మొక్కజొన్న, పత్తి మొక్కల మీదుగా బండి దాటిపోతుంది. కల్టివేటర్ వెనకాల కాదు, ముందు ఉంటుంది, స్టీరింగ్‌తో పాటు అది కూడా పక్కకి జరుగుతుంది. 1924లో 200 బండ్లు మాత్రమే చేసి అమ్మి చూశారు, ఎందుకంటే తమ 10-20 మోడల్ అమ్మకాలని ఇదే దెబ్బ తీస్తుందేమో అని కంపెనీలోనే భయం. 1930 కల్లా లక్ష దాటింది.

ఆ ఫార్మాల్‌లో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి కోస్తే, ముందు నుంచి వెనక్కి వచ్చే కేబుల్ ఒకటి ఆ పక్క వెనక చక్రం బ్రేకుని తనంతట తనే లాగుతుంది. బండి ఆ చక్రం మీదే గిర్రున తిరిగి పక్క సాలులోకి వచ్చేస్తుంది, డ్రైవర్ కాలు కదపక్కర్లేదు. మన దగ్గర చేను చివర తిప్పేటప్పుడు కుడి బ్రేకో ఎడమ బ్రేకో ఒక్కటే తొక్కుతాం కదా, వందేళ్ల క్రితం ఆ పని స్టీరింగే చేసేది. తర్వాత వచ్చిన మోడళ్లలో దాన్ని వదిలేసి పెడళ్లకి మారారు, అదీ సరైనదే, బురదలో ఏ బ్రేకు ఎంత పట్టాలో కాలికే బాగా తెలుస్తుంది.

1921 నాటి 15-30 ట్రాక్టర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒకే పోత ఇనుప ఫ్రేములో ఇంజిన్ నుంచి వెనక గేర్ల దాకా అమర్చారు, క్రాంక్‌షాఫ్ట్‌ని రెండు పెద్ద బాల్ బేరింగుల మీద కూర్చోబెట్టారు, అరిగితే మార్చుకోవడానికి సిలిండర్ స్లీవులు పెట్టారు. క్రాంక్‌షాఫ్ట్ విరిగితే బండి ఉన్నన్నాళ్లూ తమదే బాధ్యత అని గ్యారంటీ ఇచ్చారు. ఫోర్డ్ 1922లో ఫోర్డ్‌సన్ ధర 395 డాలర్లకి దించేసి అందరినీ మార్కెట్ నుంచి తరిమేస్తున్న రోజులవి. వీళ్లు పాత స్టాకు ధర తగ్గించి, నాగలి ఉచితంగా ఇచ్చి ఆ దెబ్బ కాచుకున్నారు, కొత్త మోడళ్ల నాణ్యత మాత్రం తగ్గించలేదు. 1928లో అమెరికాలో ట్రాక్టర్ తయారీ ఆపేసింది ఫోర్డే.

ఇప్పుడు డీజిల్. ఇది కాస్త సాగదీసి చెబుతాను, ఎందుకంటే మెకానిక్కులు కూడా చాలామంది దీన్ని చూసి ఉండరు. ముప్పైల్లో పెద్ద డీజిల్ ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం మహా కష్టం. కంప్రెషన్ ఎక్కువ, చేత్తో క్రాంక్ తిప్పడం మనిషి వల్ల కాదు, అప్పటి బ్యాటరీలు, మోటార్లు అంత బలమైనవి కావు, పైగా చలి దేశం. క్యాటర్‌పిల్లర్ వాళ్లు పక్కన ఒక చిన్న పెట్రోలు ఇంజిన్ పెట్టి, దాంతో పెద్దదాన్ని తిప్పేవారు. జాన్ డీర్ 1949లో తన మొదటి డీజిల్ ట్రాక్టర్ మోడల్ ఆర్ తెచ్చినప్పుడు కూడా అదే పద్ధతి. ఇంటర్నేషనల్ వాళ్లు రెండో ఇంజిన్ ఎందుకని, ఉన్న ఇంజిన్‌నే ముందు పెట్రోలు ఇంజిన్‌గా నడిపారు. 1933లో పట్టాల ట్రాక్టర్‌కి, తర్వాత చక్రాల డబ్ల్యూడీ-40కి, ఆ పైన ఫార్మాల్ ఎండీకి ఇదే ఏర్పాటు.

ఎలాగంటే, ప్రతి సిలిండర్‌కీ మామూలు రెండు వాల్వులు కాక మూడోది ఒకటి. లివర్ లాగితే ఆ వాల్వు తెరుచుకుని, హెడ్డులో ఉన్న ఒక అదనపు గది సిలిండర్‌తో కలుస్తుంది. ఖాళీ పెరిగింది కాబట్టి కంప్రెషన్ తగ్గుతుంది, ఆ గదిలోనే స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. అదే లివర్‌తో గాలి దారి మారి కార్బురేటర్ గుండా వస్తుంది, ప్లగ్గుకి కరెంటు ఇచ్చే మాగ్నెటో పనిచేయడం మొదలుపెడుతుంది. క్రాంక్ తిప్పితే పెట్రోలు బండిలాగే అందుకుంటుంది. ఓ నిమిషం వేడెక్కనిచ్చి లివర్ వెనక్కి తోస్తే వాల్వులు మూసుకుని, మాగ్నెటో ఆగి, ఇంజెక్షన్ పంపు అందుకుని, ఇంజిన్ శబ్దమే మారిపోయి డీజిల్‌గా నడుస్తుంది. ఒక పక్క చూస్తే కార్బురేటర్, ప్లగ్గులు, ఇంకో పక్క చూస్తే డీజిల్ పంపు, పైపులు, చూసేవాళ్లకి రెండు బండ్ల సామాన్లు ఒకదానికే బిగించినట్టుంటుంది. ఎంత తెలివైన పనో అంత చిక్కు కూడా. అన్ని వాల్వులు, అన్ని గదులు ఒక్క హెడ్డులో ఇరికించడం వల్ల హెడ్డు పగుళ్లివ్వడం దీని పేరుమోసిన రోగం, పాత ఎండీలు సేకరించేవాళ్లు మొదట అదే చూసుకుంటారు. ఇంజిన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు, మంచి బ్యాటరీలు వచ్చాక దీని అవసరమే పోయింది. కానీ పాతికేళ్ల పాటు రైతు ఒంటరిగా, చలిలో, చేతి క్రాంక్‌తో డీజిల్ ట్రాక్టర్ స్టార్ట్ చేయగలిగాడంటే మామూలు విషయమా?

1939లో అక్షరాల మోడళ్లు వచ్చాయి, ఏ, బీ, హెచ్, ఎం. వాటి గురించి రాసేవాళ్లందరూ డిజైనర్ రేమండ్ లోవీ గీసిన నున్నటి బానెట్ గురించి రాస్తారు. లోపల రెండు మంచి పనులు జరిగాయి, వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఫార్మాల్ ఏలో ఇంజిన్‌ని ఎడమకి జరిపి, సీటుని కుడికి జరిపారు. డ్రైవర్ ముందు బానెట్ అడ్డం లేదు, తల వంచితే సాలు, కల్టివేటర్ పళ్లు నేరుగా కనబడతాయి. కూరగాయలు, పొగాకు లాంటి చిన్న కమతాల వాళ్లకి అది ప్రాణం. రెండోది, హెచ్, ఎం రెండిటికీ బలం వేరు, ధర వేరు, కానీ చక్రాల మధ్య దూరం, పనిముట్లు బిగించే చోట్లు ఒకటే. చిన్న బండి అమ్మేసి పెద్దది కొన్నా పాత కల్టివేటర్ దానికే బిగుస్తుంది. అమ్మకాలు పెంచుకోవాలనే కంపెనీ చేసే పనా ఇది చెప్పండి, అయినా చేశారు.

1954లో సూపర్ ఎం-టీఏకి టార్క్ యాంప్లిఫయర్ పెట్టారు. క్లచ్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఒక ప్లానెటరీ గేర్ల సెట్టు, అంటే నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగేది. దున్నుతూ పోతుంటే గట్టి నేల తగిలింది, ఇంజిన్ మూలుగుతోంది, మామూలుగా అయితే క్లచ్ తొక్కి గేరు తగ్గించాలి, ఆలోపు బండి ఆగిపోతుంది, నాగలి నేలలో దిగబడి ఉండగా మళ్లీ కదిలించాలి. ఇందులో చేతి లివర్ లాగితే చాలు, బండి నడుస్తూనే వేగం సుమారు మూడో వంతు తగ్గి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. ఇవాళ ఖరీదైన ట్రాక్టర్లలో పవర్ షిఫ్ట్ అని గొప్పగా చెప్పుకునేదానికి ఇది ముందుతరం. ఇందులో ఒక వైపే పట్టే క్లచ్ ఉండటం వల్ల లో లివర్‌లో వాలు దిగేటప్పుడు ఇంజిన్ బండిని పట్టి ఆపదు, ట్రాలీ తోసుకుంటూ వస్తుంది, అందుకని వాలులో డైరెక్టులోనే, అంటే లివర్ లాగకుండా మామూలు వేగంలోనే దిగాలి. ఇది తెలియని డ్రైవర్ చేతిలో పెడితే ప్రమాదమే.

ఫాస్ట్ హిచ్ అని 1953లో ఇంకోటి తెచ్చారు. పనిముట్టు దగ్గరికి ట్రాక్టర్ వెనక్కి నడిపి, దాని రెండు కొసలు గుంతల్లోకి దూరేలా పెడితే లాక్ అయిపోతుంది, కిందికి దిగక్కర్లేదు. రోటవేటర్ పిన్ను కూర్చోక, లిఫ్ట్ చేతులు కిందా మీదా చేస్తూ ఇద్దరు మనుషులు అరగంట కుస్తీ పట్టడం మనకి మామూలే, అందుకని నాకు ఈ ఫాస్ట్ హిచ్ మీద ఇప్పటికీ గౌరవం. కానీ ఓడిపోయింది. ఫెర్గూసన్ మూడు లింకుల పద్ధతిని అందరూ తీసుకున్నాక ఒక్క కంపెనీ పనిముట్లకే సరిపోయేదాన్ని రైతు ఎందుకు కొంటాడు? పీటీఓలో అందరికీ ఒకే కొలత ఉండటం వల్ల గెలిచిన కంపెనీ, హిచ్‌లో సరిగ్గా అది లేక ఓడింది.

1961లో హెచ్‌టీ-340 అని గ్యాస్ టర్బైన్ ట్రాక్టర్ చేసి చూపించారు. టర్బైన్ అరుపు, అది తాగే ఇంధనం తట్టుకోవడం ఎవరి వల్లా కాదు, అది మూలన పడింది. ఆ ట్రాక్టర్‌లోనే పెట్టిన హైడ్రోస్టాటిక్ డ్రైవ్ మాత్రం, అంటే గేర్లు మార్చకుండా ఒక్క లివర్‌తో నూనె ఒత్తిడి మీద వేగం పెంచడం తగ్గించడం, 1967లో 656 మోడల్‌లో అమ్మకానికి వచ్చింది. మన వరి పొలాల్లో పట్టాల కోత మిషన్ డ్రైవర్ ఒక్క లివర్‌తో ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటాడు కదా, సూత్రం అదే.

మరి ఇంత తెలివి ఉండి ఎందుకు పడ్డారు? నా లెక్కలో మొదటి కారణం 1958 నాటి 560 మోడల్. ఆరు సిలిండర్ల కొత్త ఇంజిన్ పెట్టి, వెనక గేర్లు మాత్రం 1939 నాటి ఎం మోడల్‌వే ఉంచారు. కొత్త బలం పాత గేర్లని నమిలేసింది. 1959లో బండ్లు వెనక్కి పిలిచి బాగుచేయాల్సి వచ్చింది, ఆ మరుసటి ఏడాదే జాన్ డీర్ పూర్తిగా కొత్త మోడళ్లతో దిగింది. ఆ తర్వాత కూడా మంచి బండ్లు చేశారు, 1974లో యాభై లక్షలవ ట్రాక్టర్ తయారుచేశారు, ఆ సంఖ్య చేరిన మొదటి కంపెనీ అదే. కానీ అప్పులు, 1979లో మొదలై ఆరు నెలల దాకా సాగిన సమ్మె, ఆ పైన అమెరికా రైతుల సంక్షోభం, అన్నీ కలిసొచ్చాయి. 1981లో వచ్చిన 5088 తరహా ట్రాక్టర్లలో గాలిని ముందు జాలీ నుంచి కాక పైనుంచి తీసుకుని ముందుకి ఊదేలా చేశారు, గడ్డీ దుమ్మూ రేడియేటర్‌కి పట్టవు. చాలా మంచి ఆలోచన, అప్పటికే ఆలస్యమైపోయింది. 1984 చివర్లో వ్యవసాయ విభాగాన్ని కేస్ కంపెనీ యజమాని అయిన టెనెకోకి అమ్మేశారు.

ఇక 275 సంగతి. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా పెట్టాయి. వాళ్లు తెచ్చిన బీ-275 ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టరీ బండి, అక్కడ 1958లో వచ్చింది. 1977లో ఆ కంపెనీ మహీంద్రాలో కలిసిపోయింది. ఇప్పటి 275లో ఇంజిన్ మారింది, చాలా మారాయి, కాబట్టి పేరు చూసి ఇది అదే బండి అనుకోకండి.

పాత 275 డ్రై డిస్క్ బ్రేకులు విప్పితే మాత్రం ఇంటర్నేషనల్ వాళ్ల చెయ్యి కనిపిస్తుంది. రెండు ఇనుప ప్లేట్ల మధ్య ఏటవాలు గుంతల్లో ఉక్కు గోళీలు ఉంటాయి. పెడల్ తొక్కితే ప్లేట్లు కొంచెం తిరుగుతాయి, గోళీలు వాలు ఎక్కి ప్లేట్లని విడదీసి డిస్కుల మీదికి నొక్కుతాయి, తిరిగే డిస్కు ఆ ప్లేటుని ఇంకాస్త ఈడ్చుకుపోతుంది, దాంతో పట్టు తనంతట తనే పెరుగుతుంది. అందుకే చిన్న తొక్కుకే గట్టిగా పడుతుంది. 1950ల మొదట్లో సూపర్ సీ, సూపర్ ఎంలకి పెట్టిన పద్ధతే ఇది. దమ్ము చేసేటప్పుడు నీళ్లు, బురద లోపలికి పోతే గోళీలు తుప్పు పట్టి ఇరుక్కుంటాయి, బ్రేకు ఒక పక్కకే పడటం, వదిలినా వదలకపోవడం మొదలవుతుంది. గోళీలు మార్చేసి బిగించమని మెకానిక్ అంటే ఆగండి, గుంతల్లో గోరు పెట్టి తడమండి, గాడి పడి ఉంటే కొత్త గోళీలు కూడా నెల తిరక్కుండా అక్కడే ఇరుక్కుంటాయి, ప్లేట్లు కూడా మార్చాల్సిందే.